వాన మాస్టారి రిజిస్టరు

మా నాన్న క్రీస్తుదాసు గారిని నర్సీపట్నంలో అందరూ వాన మాస్టారు అనేవారు. ఆ పిలుపు చెవిన పడితే చాలు, ఆయన నడక మారిపోయేది. ఊళ్లో కురిసే వాననీ కాసే ఎండనీ ప్రభుత్వం తరఫున కొలిచే మనిషి ఆయనేనని కాయితాల మీద ఉంది. నిజానికి పద్దెనిమిదేళ్లలో ఆయన కొలిచింది ఒక్క నెల.

1961 జూన్‌లో ఆ పని ఆయనకి అప్పజెప్పారు. మిషన్ బడిలో సైన్సు చెప్పే మాస్టారు కదా అని. మా క్వార్టరు వెనక కంచె కట్టి, మధ్యలో నాలుగు కాళ్ల మీద ఒక తెల్ల చెక్కపెట్టె నిలబెట్టారు. గాలి ఆడాలని దాని గోడలన్నీ ఏటవాలు చెక్కలతో చేశారు. లోపల రెండు థర్మామీటర్లు, ఒకటి మామూలుది, ఇంకొకటి అడుగున తడిగుడ్డ చుట్టినది. పక్కనే భూమిలో పాతిన వాన డబ్బా. పొద్దున్న ఎనిమిదిన్నరకీ, సాయంత్రం అయిదున్నరకీ వెళ్లి, చూసి, రిజిస్టర్లో రాయాలి. నెలాఖరుకి కాపీ తీసి పై ఆఫీసుకి పంపాలి. జూన్ అంతా నాన్న చేశారు. జూలైలో ఆయనకి జలుబు చేసింది. ఆ జలుబు పద్దెనిమిదేళ్లు తగ్గలేదు.

అప్పట్నుంచి మా అమ్మ సువర్ణమ్మే చూసింది. మిషన్ హాస్టల్లో ఉండి ఎస్సెల్సీ పాసయిన మనిషి. నాన్న నెలాఖరున సంతకం పెట్టేవారు. కొన్నాళ్లకి అది కూడా భారమనిపించి, "నువ్వే గీసీవే, ఎవడు చూడొచ్చేడు" అన్నారు.

ఆదివారం గుడి ఎనిమిదిన్నరకి మొదలయ్యేది. అమ్మ రీడింగు రాసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి మొదటి కీర్తన అయిపోయేది. ఆమె వచ్చి కూర్చునేదాకా పాస్టరుగారు ఆగేవారు, మర్యాద కోసం కాదు, అందరూ చూడాలని. ముందు వరసలోంచి నాన్న వెనక్కి తిరిగి, ఈ మనిషితో వేగలేనన్నట్టు తల ఆడించేవారు. ఆమె ఎందుకు ఆలస్యంగా వచ్చిందో పిల్లలం మమ్మల్ని వదిలేస్తే ఆ గుడి మొత్తంలో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆయన.

నేను చెప్పేది 1979 వానాకాలం సంగతి. ఆ ఏడు ఆషాఢం వెళ్లినా నేల తడవలేదు. నాన్నకి మాత్రం మంచి సీజను. బస్టాండు దగ్గర టీ కొట్లో బల్ల మీద కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూసి, ఇన్ని రోజుల్లో పడుతుందని సెలవిచ్చేవారు. చుట్టుపక్కల రైతులు టీ పోయించి మరీ వినేవారు. సర్కారు వాళ్ల డబ్బా ఇంట్లో ఉన్నవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని వాళ్ల లెక్క. వాళ్లని చూసి జాలిపడాలో నవ్వాలో నాకు తెలిసేది కాదు. అప్పటికి ఇంటికి పెద్దమ్మాయినైన నేను అనకాపల్లి కాలేజీలో బీయస్సీ ఫిజిక్సు ముగించి, ఇంట్లో కూర్చుని అందరినీ అసహ్యించుకునే పనిలో ఉన్నాను.

జూలై చివర్లో ఒక మధ్యాహ్నం రావికమతం నుంచి సోములు అనే రైతు మా ఇంటికి వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. ఆ గొంతు వినగానే నాన్న మంచం మీద అటు తిరిగి పడుకుని, లేనని చెప్పమని చేత్తో సైగ చేశారు.

"మాస్టారు నేరేటమ్మా?"

"లోపలే ఉన్నారు సోములూ. పడుకున్నారు," అంది అమ్మ.

"వారంలో వస్తాదన్నారమ్మా. ఆ మాట మీద నారు పోసీసేను. మొత్తం మాడిపోనాది." అతని మాటలో కోపం లేదు. అదే నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది. "మరేటి సెయ్యమంటారు? మళ్లీ పొయ్యమంటారా, మానీమంటారా?"

అమ్మ లోపలికొచ్చి రిజిస్టరు తీసి, వేలుతో వరసలు దింపుకుంటూ చూసి, మళ్లీ గేటు దగ్గరికి వెళ్లింది. "ఈ నెల్లో ఇంతవరకూ పడింది పంతొమ్మిది మిల్లీమీటర్లు. కిందటేడు ఈ రోజుకి నూట ఆరు. పడినది ఎంతో అడుగు, చెప్తాను. పడబోయేది నాకు తెలీదు. ఆ డబ్బాకీ తెలీదు. తెలుసని ఎవరైనా అంటే ఆ మాట నమ్మి విత్తనం పాడుచేసుకోకు."

సోములు మా ఇంటి తలుపు వైపు కాసేపు చూసి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

నాన్న లేచి కూర్చున్నారు. "ఏటి నీ ఉద్దేశం? ఊళ్లో నా పరువు తియ్యడానికేనా?"

"ఆ మనిషి విత్తనాలు పోనాయండీ," అని అమ్మ రిజిస్టరు బీరువాలో పెట్టేసింది. ఆయన ముఖం వైపు చూడలేదు. చూడకుండా మాట్లాడటం అమ్మకి బాగా వచ్చు. కోపం వస్తే మనిషిని ఎంతోకొంత లెక్కచేసినట్టు. అమ్మ ఆయన మీద కోప్పడగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఆగస్టులో మా లెక్చరరు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. విశాఖపట్నంలో ఒక పరిశోధన కేంద్రం కొత్తగా పెట్టారు, అక్కడి డాక్టర్ మన్మథరావు గారు కాలేజీకొచ్చి ఉద్యోగాల గురించి మాట్లాడతారు, రమ్మని. వెళ్లాను. హాలు నిండిపోయింది. ఉద్యోగం అన్న మాట ఉంటే శ్మశానంలో మీటింగు పెట్టినా నిండుతుంది.

మన్మథరావు గారు పొడుగాటి మనిషి, సఫారీ సూటు. గాలిలో వేడినీ, తేమనీ, దుమ్మునీ, పొగ నుంచి పుట్టే వాయువులనీ ఏళ్ల తరబడి ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలవాలన్నారు. ఒక ఏడాది లెక్క కబురు లాంటిదనీ, ముప్ఫై ఏళ్ల లెక్క ఉంటేనే వాతావరణం మారుతోందో లేదో చెప్పగలమనీ అన్నారు. ఈ పని మొదలుపెట్టినవాడు దాని ఫలితం చూడకుండానే రిటైరవుతాడట. అయినా పనివాళ్లు కావాలి. ఇద్దరు రీసెర్చి అసిస్టెంట్లు, పనిచేస్తూ ఎమ్మెస్సీ చదువుకునే వీలు, బాగా చేస్తే పీహెచ్‌డీ. వినేవాళ్లలో ఒక్కడికీ ఆ ముప్ఫై ఏళ్ల మాట చెవికెక్కలేదు. "పర్మనెంటేనా సార్?" అని ఒకడు, "క్వార్టర్సు ఇస్తారా సార్?" అని ఇంకొకడు. నేను మనసులో వాళ్లందరినీ తిట్టుకున్నాను. ముందుగా అప్లికేషను ఫారం అందుకున్నది మాత్రం నేనే.

చివర్లో ఆయన, "మన జిల్లాలోనే కొన్ని మంచి పాత రికార్డులున్నాయి. నర్సీపట్నంలో క్రీస్తుదాసు అని ఒక మాస్టారు, పద్దెనిమిదేళ్లుగా దాదాపు ఒక్కరోజూ వదల్లేదు. అలాంటి వాళ్లు ఈ దేశానికి కావాలి," అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "మా నాన్నగారండీ," అన్నాను.

హాలు మొత్తం చప్పట్లు కొట్టింది. ఆ మాట అబద్ధం కాదు. అంతకంటే హీనమైంది.

ఇలా వాన కొలిచే స్టేషన్లన్నీ అప్పటికి ఆ కేంద్రం కిందికి వచ్చాయి. మా స్టేషను స్వయంగా చూసి, పాత రికార్డు పనికొస్తుందో లేదో తేల్చడానికి మన్మథరావు గారు సెప్టెంబరు పద్నాలుగున మా ఇంటికి వచ్చారు. జీపు, డ్రైవరు, ఫైళ్లు మోసే అసిస్టెంటు. నాన్న గుడి నుంచి కుర్చీలు తెప్పించారు. ఇస్త్రీ పంచె కట్టుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకున్నారు. అమ్మ వంటింట్లో కాఫీ కలుపుతోంది. కంచె అవతల బడిపిల్లలు, ఇద్దరు ముగ్గురు మాస్టర్లు నిలబడి చూస్తున్నారు.

"మాస్టారూ, ఒక్కసారి రీడింగు తీసి చూపించండి. ఊరికే ఫార్మాలిటీ," అన్నారు మన్మథరావు గారు.

నాన్న పెట్టె తలుపు తీశారు. అలవాటు లేని ఇంట్లో దీపం స్విచ్చి వెతికేవాడిలా కాసేపు తడుముకుని, ముఖం లోపలికి దూర్చి, థర్మామీటరు మీద వేడి ఊపిరి వదులుతూ కళ్లు చికిలించారు. ఆ ఊపిరికే పాదరసం పైకి పాకుతుందని ఆరో ఏట నాకు అమ్మ చెప్పింది.

"పొడిది ఎంతండీ?"

"ఇరవయ్యేడు పాయింటు రెండండి."

"తడిది?"

"ముప్ఫై పాయింటు ఆరు," అన్నారు నాన్న గట్టిగా, కంచె అవతలి వాళ్లకి కూడా వినపడేలా.

అసిస్టెంటు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగాడు. తడిగుడ్డ చుట్టింది చల్లగా ఉంటుందని పశువులు కాసేవాడికీ తెలుసు. మా నాన్న ఇరవై రెండేళ్లుగా పిల్లలకి సైన్సు చెబుతున్నారు.

మన్మథరావు గారి ముఖంలో అంతవరకూ ఉన్న గౌరవం ఎలా జారిపోయిందో నేను దగ్గరుండి చూశాను. ఆయన వెళ్లి కుర్చీలో కూర్చుని, బల్ల మీది రిజిస్టర్లని వేలి కొసతో అవతలికి తోశారు. "ఇదంతా ఇంట్లో కూర్చుని రాసిందే. పద్దెనిమిదేళ్ల చెత్త. మన పొరపాటే, చూడకుండా మెచ్చుకున్నాం." అసిస్టెంటు వైపు తిరిగారు. "పనికిరాదని రాసెయ్యి."

"అలా అనకండి సార్. నా మీద ఎవరో గిట్టనివాళ్లు..." అని నాన్న మొదలుపెట్టారు.

అమ్మ కాఫీ గ్లాసుల పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. పైట చెంగుతో చేతులు తుడుచుకుంది. "ఆయన రాయలేదండి. నేను రాసేను."

"నువ్వా?" అన్నారాయన. "నువ్వేం చదివేవమ్మా?"

అమ్మ పెట్టె దగ్గరికి వెళ్లింది. తలుపు తీసి ఒక అడుగు వెనక్కి వేసి, ఊపిరి బిగబట్టి, కన్ను పాదరసానికి సరిగ్గా ఎదురుగా వచ్చేలా మోకాళ్లు కొంచెం వంచింది. ముందు పాయింటు తర్వాతి అంకె చూసింది, తర్వాతే డిగ్రీలు. తలుపు మూసి అప్పుడు ఊపిరి వదిలింది. "పొడిది ముప్ఫై పాయింటు ఎనిమిది. తడిది ఇరవయ్యేడు పాయింటు ఒకటి."

ఆయన వెళ్లి చూసుకున్నారు. తిరిగొచ్చి కూర్చుని, తోసేసిన రిజిస్టర్లని మళ్లీ దగ్గరికి లాక్కున్నారు. చాలాసేపు తిప్పారు. నాన్న మధ్యలో రెండుసార్లు దగ్గారు.

"మొదటి నెల తప్ప రాత ఒక్కటే. పద్ధతీ ఒక్కటే," అన్నారు చివరికి. "కానీ ఇక్కడ ఖాళీలున్నాయి. 1963 ఆగస్టులో నాలుగు రోజులు ఏమీ రాయలేదు. ఇంత పట్టుగా రాసినదానివి అప్పుడెందుకు ఎగ్గొట్టేవు?"

"కొడుకు పుట్టేడండి. లేవనివ్వలేదు."

"మాస్టారుగారు చూడొచ్చుగా?"

"ఏదో ఒకటి రాసేస్తానన్నారు. వద్దన్నాను. పుస్తకం మంత్రసానికిచ్చి ఆవిడింట్లో దాయించేను."

కంచె అవతల ఎవరో కిసుక్కుమన్నారు. మన్మథరావు గారు పేజీలు తిప్పారు. "1967 నవంబరు, ఒకటి నుంచి మూడు?"

"అది కూడా కాన్పేనండి. ఆడపిల్ల."

"మళ్లీ అదే నెల పద్నాలుగున సాయంత్రం ఒక్కటే లేదు. పొద్దున్నది ఉంది."

"ఆ రోజు పిల్ల పోనాది."

ఆయన తల ఎత్తారు. "పొద్దున్న రాశారు కదా?"

"పొద్దున్నకి బతికే ఉన్నాదండి," అంది అమ్మ.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నన్నూ తమ్ముణ్ణీ పక్కింటి కామమ్మ గారింటికి పంపేశారని మాత్రమే గుర్తు. ఆ చెల్లికి పేరు కూడా పెట్టలేదు. మా ఇంట్లో ఆ పిల్ల గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ పిల్ల ఉండేదని చెప్పే ఆనవాలు ఈ లోకం మొత్తానికి ఆ పేజీలో రాయని గడులేనని అప్పుడే తెలిసింది.

మన్మథరావు గారు చల్లారిన కాఫీని మెల్లగా తాగారు. పెన్ను మూత పెట్టుకున్నారు. "రికార్డు పనికొస్తుంది. ఇంత నమ్మకంగా రాసినది నేను ఇంతవరకూ చూడలేదు. మీలాంటి వాళ్లే మాకు కావాలమ్మా. కానీ వయసు దాటిపోయింది, డిగ్రీ లేదు. పోస్టు ఇవ్వలేం." కొంచెం ఇబ్బందిగా, "ఇంకోటి. నియమించిన మనిషి కాకుండా వేరేవాళ్లు పరికరాలు ముట్టుకోకూడదు. అది రూలు. తెలిశాక ఊరుకుంటే నా మీదకి వస్తుంది. ఇకమీదట మాస్టారుగారే చూడాలి. ఆయనకి నేర్పించండి," అన్నారు.

ఇంత చదువూ చదివి ఆ మనిషి చివరికి చేరుకున్న చోటు అది. అర్ధగంట ముందు పద్దెనిమిదేళ్ల చెత్త అన్న పెద్దమనిషి, ఆ చెత్త నిజంగా పుట్టించగల చేతికే పెట్టె తాళంచెవి ఇమ్మంటున్నాడు. రూలు కాబట్టి.

నాన్న ముఖం వెలిగిపోయింది. "అయితే సార్, సర్టిఫికెట్టేదో ఇస్తారని విన్నాను. అది నా పేరు మీదే కదండీ?"

"రికార్డు మీ పేరు మీదే ఉంది మాస్టారూ," అన్నారాయన, నాన్న వైపు చూడకుండా. అమ్మ దగ్గర నేర్చుకున్నట్టే ఉంది. తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వేగా అప్లికేషను పెట్టిన అమ్మాయివి? ఈ పనంతా అమ్మ దగ్గర చూశావా?"

"చూశానండి."

"ఒకటో తారీకున వచ్చి చేరు. ఆర్డరు పంపిస్తాను."

ఆ నిమిషాన నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. రిజిస్టరు మీద మా అమ్మ పేరు రాయండి, లేదా పని ఆమెకే ఉంచండి అని. ఆయన కూడా దాని కోసమే ఒక్క క్షణం ఆగినట్టు నాకిప్పటికీ అనిపిస్తుంది. నేను, "థాంక్యూ సార్," అన్నాను. ఇంతవరకూ చెప్పిన వాళ్లందరిలోకీ తక్కువ రకం మనిషి ఎవరని అడిగితే నాకు వెతుక్కోవలసిన పని లేదు.

జీపు వెళ్లిపోయాక అమ్మ పెట్టె తాళంచెవినీ, వాన కొలిచే గాజు గ్లాసునీ తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. "సాయంత్రం అయిదున్నరకి. బడి నుంచి బేగి రండి."

"నువ్వు పక్కనుండి చూపిస్తావు కదే?"

"ముట్టుకోకూడదన్నారు కదండీ," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం అమ్మ మొదటి గంట కొట్టకముందే గుడిలో ఉంది. పాస్టరుగారు సంతోషించారు. దేవుడు ఆమె హృదయాన్ని తాకాడని ప్రార్థనలో కూడా అన్నారు. అమ్మ తన రెండు చేతుల్నీ ఒళ్లో పెట్టుకుని, ఎక్కడ ఉంచాలో తెలియనట్టు వాటినే చూస్తూ కూర్చుంది.

అక్టోబరు ఒకటిన విశాఖపట్నంలో చేరాను. దీర్ఘకాల పరిశోధన అని అంత చెప్పారు గానీ, మొదట్లో నాకిచ్చిన పని జిల్లాల నుంచి వచ్చే నెలవారీ షీట్లని వడకట్టడం. తప్పుగా కనిపించిన అంకెని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన కారణం రాయాలి. నవంబరు మొదటి వారంలో సెప్టెంబరు, అక్టోబరు నెలల నర్సీపట్నం షీట్లు కలిపి నా బల్ల మీదికి వచ్చాయి. కాపీ తీసింది నాన్నే, ఆయన చేతిరాత ముత్యాలే. సెప్టెంబరు పదమూడు దాకా అమ్మ అంకెలు, ఒకదానికొకటి పోలిక లేకుండా, ఎగుడుదిగుడుగా, నిజంగా ఉన్నాయి. ఆ తర్వాత వాన అయిదు, పది, పదిహేను. ఎప్పుడూ అయిదు, పది, పదిహేనే. నాలుగు చోట్ల తడిది పొడిదానికంటే వేడిగా ఉంది. అక్టోబరు రెండో ఆదివారం నేను ఇంటికి వెళ్లి ఉన్నాను, ఆకాశంలో గుప్పెడు మబ్బు లేదు. ఆ రోజు పది మిల్లీమీటర్లు కురిపించారు. టీ కొట్లో వాగ్దానం చేసి ఉంటారు.

మా సెక్షను ఆఫీసరు వచ్చి షీటు మీదకి వంగారు. "ఇది మీ నాన్నగారిదేగా?"

"అవునండి."

"ఏం చేద్దాం? కొంచెం సర్ది ఉంచేద్దామా?"

"వద్దండి," అన్నాను. పద్నాలుగో తారీకు మొదలు రెండు షీట్లలోని అంకెలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాను. కారణం గడిలో, చూడకుండా రాసినవి అని రాశాను. తృప్తి కలిగింది, ఒప్పుకుంటున్నాను. ఆ తర్వాత నర్సీపట్నాన్ని స్టేషన్ల జాబితాలోంచి తీసేశారు. పాత పద్దెనిమిదేళ్ల లెక్కని మాత్రం పుస్తకంలో వేశారు. పరిశీలకుడు శ్రీ క్రీస్తుదాసు అని ఆ పుస్తకంలో ఉంది. సర్టిఫికెట్టు మా ఇంటి గోడ మీద చాలా ఏళ్లు వేలాడింది.

నవంబరు చివర్లో రెండు రోజులు సెలవు పెట్టి ఇంటికి వెళ్లాను. అమ్మ వెనక అరుగు మీద చేటలో మినుములు చెరుగుతోంది. నేను పక్కన కూర్చున్నాను. కంచె దగ్గర గడ్డి పెరిగిపోయింది.

"మీ నాన్న రాసినవి మీ ఆఫీసుకే వస్తాయా?" అంది అమ్మ.

"వచ్చాయి. నేనే చూశాను."

"ఎలాగున్నాయి?"

"కొట్టేశాను."

చేట ఆగలేదు. "ఏ రోజు నుంచి?"

"సెప్టెంబరు పద్నాలుగు నుంచి."

చేట ఆగింది. అమ్మ తల తిప్పి నా ముఖంలోకి చూసింది. ఆమె నాన్న ముఖంలోకి ఎన్నడూ అలా చూడలేదు. ఆమెకి కోపం వచ్చింది.

"పద్నాలుగు పొద్దున్నది నేను చూసేను," అంది. "ఆ సార్లు పదింటికి కదా వచ్చేరు. ఎనిమిదిన్నరకి నేనే చూసి, నేనే రాసేను. వాన లేదు. పొడిది ఇరవై తొమ్మిది పాయింటు నాలుగు. అది నాది. దాన్నెందుకు కొట్టేసేవు?"

సోమవారం పొద్దున్న మొదటి బస్సుకి విశాఖపట్నం చేరి, అందరికంటే ముందు ఆఫీసు తలుపు తీయించి, ఫైల్లోంచి సెప్టెంబరు షీటు బయటికి తీసి, పద్నాలుగు పొద్దున్నటి రీడింగు మీది ఆ ఒక్క గీతని రబ్బరుతో చెరిపేశాను.